ఒక పటం, పలు చేతులు: నిర్మాణరంగంలో సమాచార సాంకేతికత

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణానికి చేరువలో సాలువా అనే చిన్న ఊరు ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానక్షేత్రం మూలంగా ఈ పేరు చరిత్రకెక్కినది. 1944లో అమెరికా వైమానిక దళానికి చెందిన బి-29 బాంబర్లు ఖరగ్‌పూర్ పరిసరాలలోని స్థావరాలకు వచ్చినవి. ఆ భారీ విమానాలకు ఈ ప్రాంతపు పాత రన్‌వేలు చాలక, వాటిని పొడిగించి బలపరచవలసి వచ్చినది. నేడు సాలువా ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళానికి కేంద్రస్థానం. నేపాలీ మాట్లాడే గూర్ఖా కుటుంబాలు ఇక్కడ నివసిస్తున్నవి. పక్కనున్న ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తూర్పు తీరం వెంబడి తెలుగు ప్రాంతానికి విస్తరించిన తరువాత, ఉత్తరాంధ్రనుండి ఎందరో పనివారు ఆ దారినే వచ్చి ఇక్కడ ఇల్లూ వాకిలీ ఏర్పరచుకొన్నారు. బెంగాలీ, హిందీ, ఒరియా, సంతాలీ భాషలు వీరి ఇరుగుపొరుగు భాషలు.

ఇటువంటి చోట ఒక భవనం లేస్తున్నదనుకొందాము. ఇంజనీరు గీసిన పటంలో వ్రాత ఇంగ్లీషులో ఉంటుంది. కంట్రాక్టరు హిందీలోనో, బెంగాలీలోనో పని పురమాయిస్తాడు. మేస్త్రి దానిని తన మనుషులకు తెలుగులో చెబుతాడు. ఈ ముగ్గురి మనస్సులలోనూ ఉన్న భవనం ఒక్కటేనా? నిర్మాణరంగంలో సమాచార సాంకేతికత సమాధానం వెదుకుతున్న ప్రశ్న ఇదే.

సమాచారం దారి తప్పితే

భవనాలు సిమెంటు లోపంవల్లనో, ఉక్కు లోపంవల్లనో మాత్రమే కూలుతాయని మనం తలుస్తాము. ఒకరినుండి మరొకరికి చేరవలసిన సమాచారం మధ్యలో మారిపోవడం కూడా అంత ప్రమాదకరమే. అమెరికాలోని కాన్సాస్ సిటీలో 1981 జూలై 17న హయత్ రీజెన్సీ హోటలులో వేలాడే నడవాలు కూలి 114 మంది మరణించారు. మొదటి పటం ప్రకారం, నాలుగవ అంతస్తు నడవా, దాని క్రిందనున్న రెండవ అంతస్తు నడవా ఒకే పొడవాటి కడ్డీలకు వ్రేలాడవలసి ఉన్నది. అంత పొడవునా మర కోయడం కష్టమని, తయారీ దశలో ఒక కడ్డీకి బదులు రెండు కడ్డీలు పెట్టడానికి మార్పు జరిగినది. దానితో క్రింది నడవా పైకప్పుకు కాక, పై నడవాకే వ్రేలాడినది.

ఈ మార్పులోని భేదాన్ని నూతిలో వేలాడే చాంతాటితో పోల్చవచ్చు. ఇద్దరు మనుషులు ఒకే చాంతాటిని పట్టుకొని వ్రేలాడితే ఎవరి బరువు వారి చేతులపైనే ఉంటుంది. క్రిందివాడు తాటిని వదలి పైవాడి కాళ్లు పట్టుకొంటే, తాడు మోసే బరువు మారదు గాని, పైవాడి చేతులపై భారం రెట్టింపవుతుంది. పై నడవా దూలపు అతుకుకు జరిగినది అదే. పటం గీసినవారు, సామగ్రి తయారు చేసినవారు ఒకరి లెక్కను ఒకరు సరిచూచి ఉంటే ఆ ప్రాణనష్టం జరిగేది కాదు.

రైల్వే నేర్పే పాఠం

ఈ సమస్యకు పరిష్కారం ఎటువంటిదో ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలకు సులభంగా బోధపడుతుంది. ఒంటిదారి రైలుమార్గంలో టోకెన్ పద్ధతి చిరకాలం అమలులో ఉన్నది. టోకెన్ చేతికి అందనిదే డ్రైవరు ముందుకు సాగరాదు. రెండు స్టేషన్ల యంత్రాలు విద్యుత్తుతో ముడిపడి ఉన్నందున, ఇచ్చిన టోకెన్ తిరిగి యంత్రంలో చేరేవరకు రెండవది వెలుపలికి రాదు. జంక్షన్లలో ఇంటర్‌లాకింగ్ ఏర్పాటు ఉంటుంది. ఒక రైలుకు దారి ఇచ్చిన పిమ్మట, దానికి అడ్డువచ్చే మరొక దారికి సిగ్నలు ఇవ్వడానికి ఆ ఏర్పాటు వీలు కల్పించదు. ఇక్కడ భద్రత కేవలం మనిషి జ్ఞాపకశక్తిపై ఆధారపడి లేదు. సమాచారాన్ని పంచుకొనే పద్ధతిలోనే అది ఇమిడి ఉన్నది.

నిర్మాణరంగం ఈ క్రమశిక్షణను ఆలస్యంగా అలవరచుకొన్నది. 1957-58 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ సి.పి.ఎం. పద్ధతిని, నౌకాదళం పెర్ట్ పద్ధతిని రూపొందించినవి. ఏ పని ఏ పనికోసం వేచి ఉండాలి, ఏ పని ఒక్కరోజు ఆలస్యమైతే మొత్తం నిర్మాణం ఒక్కరోజు ఆలస్యమవుతుంది అన్న లెక్కను ఇవి తేల్చినవి. అయితే అవి కాలాన్ని లెక్కించినవే గాని కట్టడాన్ని చూపలేదు. 1975లో అమెరికన్ ఆచార్యుడు చార్లెస్ ఈస్ట్‌మన్ ఒక కొత్త ఆలోచనను ప్రతిపాదించాడు. భవనాన్ని గీతలుగా కాక, ప్రతి గోడ, ప్రతి దూలం, ప్రతి కిటికీ తన కొలతలతో, గుణాలతో సహా కంప్యూటరులో నమోదు కావాలన్నది దాని సారం. నేడు బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, క్లుప్తంగా బిమ్, అని పిలువబడుతున్న పద్ధతికి బీజం అదే.

ఈ పద్ధతిలో శిల్పి, నిర్మాణ ఇంజనీరు, విద్యుత్తు, నీటిగొట్టాల నిపుణులు తమ తమ నమూనాలను ఒకచోట చేరుస్తారు. నీటిగొట్టం దూలంగుండా పోతున్నట్లయితే కంప్యూటరు ఆ తాకిడిని ముందే పట్టి చూపుతుంది. శ్లాబు వేసిన పిమ్మట సుత్తి, ఉలి పట్టవలసిన పని తెరమీదనే తీరిపోతుంది. ఇది నిర్మాణానికి ఇంటర్‌లాకింగ్ వంటిది. ఇక ఆమోదం పొందిన పటం ఒక్కటే అందరికీ అందుబాటులో ఉండి, రద్దయిన పటం పనిస్థలానికి చేరకుండా చూచే ఉమ్మడి సమాచార నిలయం టోకెన్ వంటిది. ఇందుకు అంతర్జాతీయ ప్రమాణంగా ఐ.ఎస్.ఒ. 19650 మొదటి భాగాలు 2018లో వెలువడినవి. మనదేశంలో జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ 2020లో డేటా లేక్ అనే వ్యవస్థద్వారా తన ప్రాజెక్టుల వ్యవహారాలను కంప్యూటరు మార్గానికి మళ్లించినది.

సహకారం యంత్రంతో రాదు

ఇంత చెప్పిన తరువాత ఒక హెచ్చరిక అవసరం. కంప్యూటరు సమాచారాన్ని చేరవేయగలదు గాని, దాచుకొనే బుద్ధిని మాన్పలేదు. ఆలస్యాన్ని ఒప్పుకొన్నవాడికే జరిమానా పడే ఒప్పందంలో ఎవరూ ఆలస్యాన్ని ముందుగా చెప్పరు. పటంలో తప్పు చూపిన చిన్న కంట్రాక్టరుకు మరుసటి పని దక్కదన్న భయం ఉంటే అతడు మౌనం వహిస్తాడు. కాబట్టి సహకార నిర్వహణ అంటే తొలిదశనుండే పనివారందరినీ సంప్రదించడం, తప్పును త్వరగా చెప్పినవారిని శిక్షించకపోవడం, మార్పు ఎవరు ఎప్పుడు ఎందుకు చేశారో వ్రాసి ఉంచడం. మన ఇంజనీరింగు శాఖల కొలతల పుస్తకం ఉద్దేశమూ ఇదే. జరిగిన పనిని జరిగినట్లు నమోదు చేయనిదే ఏ సాంకేతికతా ఫలించదు.

మేస్త్రి చెంతకు చేరాలి

మరొక ముఖ్య విషయం ఉన్నది. మన పెద్ద కట్టడాలు ఇంజనీర్ల లెక్కలతోపాటు మేస్త్రుల నేర్పుతో నిలిచినవే. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతికట్టడపు ఆనకట్టను వేలాది శ్రామికులు రాయిరాయి పేర్చి లేపారు. అప్పుడు కంప్యూటరు లేదు గాని, ఓవర్సీరు మాటను మేస్త్రి, మేస్త్రి మాటను కూలీ గ్రహించే శ్రేణి ఒకటి ఉండేది. నేడు శ్రీకాకుళం, పాలమూరు ప్రాంతాల కూలీలు భాష తెలియని రాష్ట్రాలకు పనికి పోతున్నారు. ఇతర రాష్ట్రాల కూలీలు హైదరాబాదుకు వస్తున్నారు. ఆఫీసు తెరమీద త్రిమితీయ నమూనా ఎంత చక్కగా తిరిగినా, కడ్డీలు కట్టే మనిషికి చేరేది చివరకు నలిగిన కాగితమో, నోటిమాటో అయితే ఆ నమూనా సగం దారిలోనే ఆగినట్లు.

అయితే ఈ లోటును పూరించగల సాధనం కూడా అదే. గీతలు చదవలేనివాడు కూడా త్రిమితీయ చిత్రాన్ని చూచి కడ్డీ ఎక్కడ వంగాలో గ్రహించగలడు. బొమ్మకు అనువాదం అక్కరలేదు. మేస్త్రి చేతిలోని ఫోనులో ఆ చిత్రం, దానితోపాటు అతని భాషలో నాలుగు మాటలు ఉంటే చాలును. "ఇక్కడ కడ్డీలు మరీ దట్టంగా ఉన్నవి, కాంక్రీటు దిగదు" అని అతడు తిరిగి చెప్పే వీలు కూడా ఉండాలి. ఆ మాట ఇంజనీరుకు చేరి పటం మారిన రోజున సమాచారం రెండువైపులా నడిచినట్లు. భవన నిర్మాణ కార్మికుల ఉపాధి, పని పరిస్థితులకు 1996లో ప్రత్యేక చట్టం ఏర్పడినది. పనిలోని అపాయాన్ని తన భాషలో తెలుసుకోవడం కూడా కార్మికుని రక్షణలో భాగమే.

సాలువాకు సమీపంలోని హిజ్లీలో, బ్రిటిషువారి నిర్బంధ శిబిరంగా ఉండిన భవనంలో దేశపు తొలి ఐ.ఐ.టి. ఆరంభమైనది. 1951లో దానికి ప్రారంభోత్సవం జరిగినది. దేశం నలుమూలల విద్యార్థులు అక్కడ సివిల్ ఇంజనీరింగు, వాస్తుశాస్త్రం అభ్యసిస్తున్నారు. రేపు ఇంజనీర్లు కాబోయే యువతీయువకులు కంప్యూటరు నమూనాను నేర్వడం ఎంత అవసరమో, తాము పనిచేసే చోటి మేస్త్రి భాషలో పది మాటలు నేర్వడం కూడా అంతే అవసరం. అందరి కళ్లముందూ ఒకే పటం ఉండి, తప్పు చెప్పే ధైర్యం అందరికీ ఉన్ననాడు, పలు చేతులు లేపిన గోడ ఒక్క చేతి గోడవలె నిలుస్తుంది.