పాతకాలపు కంప్యూటరును కదలించుట

మాదాపురమునందలి సైబర్ టవర్సు 1998లో ప్రారంభమయ్యెను. నేడు అచ్చట పనిచేయువారు తమ కంప్యూటరును చేసంచిలో పెట్టుకొని పోవుదురు. ఇదే నగరమున 1967లో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ ఒకప్పుడు టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లను తయారుచేసెను. టి.డి.సి. యనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటరు. ఆ తరము యంత్రములు సంచిలో నిముడునవి కావు. ఇనుప బీరువాలవలె నిలుచుండెడివి. అట్టిదానిని విప్పి వేరొక చోటికి చేర్చుట యెట్లు?

మొదట విద్యుత్తును ఆపవలెను. ఆపినంతమాత్రమున అపాయము తొలగదు. లోపలి కెపాసిటర్లు కొంతసేపు విద్యుత్తును దాచుకొనియుండును; దానిని నేర్పరియైనవాడు సురక్షితముగా తొలగించిన పిమ్మటనే చేయి పెట్టవలెను. తరువాత తీగల పని. నేలపలకల క్రింద పాకిన ప్రతి తీగకును రెండు కొసలయందును ఒకే సంఖ్య గల చీటి కట్టవలెను. అంటించిన చీటి జిగురెండి రాలిపోవును. కనుక కట్టుటయే మేలు. చీటీలు పోయినచో యంత్రము చెక్కుచెదరక చేరియు మూగదగును.

జ్ఞాపకభాగము మిక్కిలి సుకుమారము. బొంబాయిలోని టాటా పరిశోధనాసంస్థవారు నిర్మించి 1960లో పనిలోనికి తెచ్చిన టిఫ్రాక్ యంత్రమున 2,700 శూన్యనాళములు ఉండెను. దాని జ్ఞాపకమున 2,048 పదములు, పదమునకు 40 అంకెలు నిలుచుచుండెను. ఒక్కొక్క అంకెకు ఒక చిన్న అయస్కాంతపు ఉంగరము. దాని గుండా వెండ్రుకవంటి సన్నని తీగలు. విద్యుత్తు పోయినను ఉంగరము తన అంకెను మరువదు. కాని కుదుపునకు ఒక తీగ తెగెనా, ఆ వరుస యంతయు పనికిరాదు. ఇట్టి పెట్టెను బండిపై వేయక చేతులతో మోయుటయే మంచిది.

డిస్కుల సంగతి వేరు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన డిస్కుయంత్రమున 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములుండెను. దాని బరువు సుమారు ఒక టన్ను. అందు పట్టునది 50 లక్షల అక్షరములు. నేటి ఫోనుతో తీసిన ఒక పెద్ద ఛాయాచిత్రమునకే అది చాలకపోవచ్చును! ఇట్టి యంత్రమును కదలించుటకు ముందు, పళ్లెములపై గీత పడకుండ చదువు ముల్లును వెనుకకు లాగి బంధించవలెను.

ఇక మోత. ఇంజనీరునకు తీగలు తెలియును. గుమ్మపు వెడల్పును, మెట్ల మలుపును హమాలీలు ఎరుగుదురు. ఇరువురును కలిసి ముందుగా దారిని కొలువకున్న బీరువా నడుమ గుమ్మమున చిక్కుకొనును. నేలపై పలకలు పరచినచో బరువు ఒకచోట పడక పంచుకొనబడును. పై భాగములను ముందు దింపనిచో బీరువా తలబరువై ఒరిగిపోవును.

క్రొత్తచోటికి చేరినంతనే మీట నొక్కరాదు. తేమ ఆరువరకు వేచియుండవలెను. ఏండ్ల తరబడి ఊరకున్న కెపాసిటర్లు ఒక్కసారిగా విద్యుత్తు వచ్చినచో ప్రేలగలవు. అందుచే వాటిని ముందుగా పరీక్షించి, ఒక్కొక్క భాగమునకు కొలిచికొలిచి విద్యుత్తు నెక్కింతురు. ఆ వేళ పొగ వాసనకై ఒకరు ముక్కు పెట్టుకొని ప్రక్కనే కూర్చుండుట వాడుక.