ముగ్గురు దయ్యాల బిల్లు

"తాతయ్యా, మేం పనిచేసేది పన్నెండు మందిమి. బిల్లు మాత్రం పదిహేను మందికి వస్తోంది. ఆ ముగ్గురు దయ్యాలెవరో కాస్త చెప్పు" అని ఫోన్ చేసింది మా మనవరాలు. హైదరాబాదులో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లది. రాసిన కోడంతా గిట్‌హబ్‌లో దాచుకుంటారు. ఆ ఖాతా చూసుకునే పని ఈ మధ్యే దాని నెత్తిన పడింది. నేనా, బ్యాంకులో లెడ్జర్లు రాసి రిటైరైనవాణ్ని. దయ్యాల సంగతి నాకు తెలియదు గానీ, లెక్క తేలకపోతే నిద్రపట్టని జబ్బుంది. దానికి చెప్పిందే మీకూ చెబుతాను, కూర్చోండి.

ముందు ఈ గిట్‌హబ్ ఏమిటో తెలియాలి. ప్రోగ్రాములు రాసేవాళ్లంతా ఒకే కోడు మీద, ఒకరి రాత ఒకరు చెరపకుండా, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తెలిసేలా పనిచేసుకునే చోటు. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. పదేళ్లకి మైక్రోసాఫ్ట్ దాన్ని 750 కోట్ల డాలర్లకు కొంటున్నామని ప్రకటించింది. మొదట్లో డబ్బు మనుషుల్ని బట్టి కాదు, ఎన్ని ప్రాజెక్టులు గుట్టుగా దాచుకున్నారన్న దాన్ని బట్టి తీసుకునేవాళ్లు. ఆ లెక్క ఉన్నప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? నాలుగు ప్రాజెక్టుల్ని ఒకే దాంట్లో కుక్కుతారు. 2016లో పద్ధతి మార్చి, ప్రాజెక్టులు ఎన్నైనా పెట్టుకోండి, తలకింత కట్టండి అన్నారు. అప్పట్నుంచి లెక్కంతా సీట్లది. 2020 ఏప్రిల్‌లో 'టీమ్' అనే ప్లాన్‌లో సీటు ధర నెలకి 9 డాలర్ల నుంచి 4 డాలర్లకు దించారు.

ఇక దయ్యాలు. ఇక్కడ మూడు లెక్కలున్నాయమ్మా అన్నాను. ఎన్ని సీట్లకు డబ్బు కడుతున్నాం అన్నది ఒకటి. ఆ సీట్లలో ఎవరెవరి పేర్లున్నాయి అన్నది రెండోది. ఈ క్షణాన తలుపు ఎవరికి తెరుచుకుంటుంది అన్నది మూడోది. బయటినుంచి చూసేవాడికి మూడూ ఒకటే అనిపిస్తాయి. కానీ ఒకటి కదిలినప్పుడు మిగతా రెండూ కదలాలన్న రూలేమీ లేదు.

మొదటి దయ్యం తేలిగ్గానే దొరికాడు. ఉద్యోగం మానేసి వెళ్లిన కుర్రాడు. అతని పేరు తీసేశారు, తలుపు మూసుకుంది, అందరూ అక్కడితో సరిపోయిందనుకున్నారు. ముందే ఇన్ని సీట్లని కొనుక్కునే పద్ధతిలో, మనిషిని తీసేస్తే కొన్న సీటు దానంతటది రద్దు కాదు. విడిగా వెళ్లి 'సీట్లు తగ్గించండి' అని చెప్పాలి. చెప్పినా ఆ తగ్గింపు వచ్చే బిల్లు నుంచే అమలు. సీటు పెంచమంటే మాత్రం ఆ నిమిషం నుంచే లెక్క మొదలు! "మన మతిమరుపు మీద బతుకుతున్నారన్నమాట" అంది మా పిల్ల. కొంత నిజమే. కానీ ఆ ఖాళీలోకి రేపో ఎల్లుండో ఇంకొకణ్ని తీసుకునే కంపెనీకి ఈ పద్ధతే సుఖం.

రెండో దయ్యం కంపెనీలో అడుగే పెట్టలేదు. చేరతానన్న ఒకమ్మాయికి ఆహ్వానం పంపారు, ఆమె ఇంకోచోట చేరిపోయింది. ఒప్పుకోని ఆహ్వానం కూడా ఒక సీటు పట్టుకునే కూర్చుంటుంది. ఇందులో మర్మం లేదు. పిలుపు అందుకున్నవాళ్లు తీరా వచ్చేసరికి కుర్చీ లేదంటే బాగుండదు కదా! పిలుపు వెనక్కి తీసుకుంటే సీటు వదులుతుంది. మూడో దయ్యం బయటి డిజైనర్. కంపెనీ మనిషి కాడు, సభ్యుల జాబితాలో వెతికితే కనిపించడు. కానీ గుట్టుగా ఉన్న ఒక ప్రాజెక్టులో చెయ్యి వేయనిచ్చారు గనక అతనూ లెక్కలోకి వస్తాడు. పన్నెండూ మూడూ పదిహేను. బిల్లులో తప్పేమీ లేదు.

నెల మధ్యలో చేరినవాడికి ఎంత కట్టాలన్నది మన పాలఖాతా లాంటిదే. 30 రోజుల నెలలో 21న సీటు కొంటే మిగిలింది పది రోజులు. 4 డాలర్లను 30తో భాగించి పదితో గుణిస్తే 1 డాలరు 33 సెంట్లు. తేడా ఎక్కడంటే, సంక్రాంతికి ఊరెళ్తూ నాలుగు రోజులు పాలొద్దంటే పాలవాడు క్యాలెండర్ మీద సున్నాలు చుట్టి నెలాఖరున తగ్గిస్తాడు. ఇలా ఇంటర్నెట్ మీద సేవలమ్మే క్లౌడ్ వాళ్లలో ఆ మర్యాద తక్కువ. వాడినా వాడకున్నా సీటు సీటే. స్లాక్ అనే ఆఫీసు కబుర్ల సాధనం మాత్రం, కొన్నాళ్లుగా అటు తొంగిచూడని సభ్యుడి డబ్బు ఖాతాకి తిరిగి జమచేసే పద్ధతి పెట్టి మంచి పేరు తెచ్చుకుంది.

తేదీలతో ఇంకో తమాషా ఉంది. జనవరి 31న చందా మొదలైతే వచ్చే నెల బిల్లు ఎప్పుడు? ఫిబ్రవరికి 31 లేదు గనక, లీపు సంవత్సరం కాకపోతే 28న వేస్తారు. బాగానే ఉంది. మరి మార్చిలో? క్రితం బిల్లు తేదీకి ఒక నెల కలిపే తెలివితక్కువ ప్రోగ్రామైతే మార్చి 28 అంటుంది. ఇక ఆ చందాదారు జన్మలో 31కి చేరడు. తెలివైన ప్రోగ్రామైతే మొదటి తేదీని విడిగా గుర్తుపెట్టుకుని, ప్రతిసారీ అక్కణ్నుంచే లెక్కవేసి, మార్చిలో మళ్లీ 31కి వస్తుంది. వడ్డీ లెక్కల్లో మేం పడ్డ తిప్పలే ఇవి.

నాకు బాగా నచ్చింది మూడో లెక్క, తలుపుది. లక్షలమంది ఒక్కసారిగా తలుపు తడుతుంటే, ప్రతివాడికీ పెద్ద పుస్తకం తెరిచి 'వీడు చందా కట్టాడా?' అని వెతుకుతూ కూర్చోలేరు. అందుకని చాలా క్లౌడ్ సేవల్లో, లోపలికొచ్చినప్పుడు ఒకసారి చూసి ఒక చీటీ రాసిస్తారు. దాన్ని టోకెన్ అంటారు. ఫలానా మనిషి, ఫలానా పనికి, ఫలానా వేళ వరకు అని రాసి, కింద గణితంతో సంతకం పెడతారు. సంతకం పెట్టడానికి ఒక రహస్య సంఖ్య, సరిచూడ్డానికి అందరికీ తెలిసిన ఇంకో సంఖ్య. 1977లో ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ అనే ముగ్గురు కనిపెట్టిన ఆర్‌ఎస్ఏ పద్ధతి ఇలాంటి సంతకాలకి దారి వేసింది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించడం చిటికెలో పని. ఆ లబ్ధాన్ని చూసి అవి రెండూ ఏవో చెప్పడం మాత్రం, సంఖ్యలు తగినంత పెద్దవైతే, ఇవాళ్టి కంప్యూటర్లకి సాధ్యం కావడంలేదు. చీటీలో ఒక్క అక్షరం దిద్దినా సంతకం కుదరదు. పెద్ద పుస్తకం జోలికి వెళ్లకుండానే తలుపు దగ్గరి యంత్రం సరిచూసుకుంటుంది.

ఇందులో ఒక చిక్కుంది. పుస్తకంలో పేరు కొట్టేసినా, ముందే ఇచ్చిన చీటీ అవతలివాడి చేతిలోనే ఉంది. గడువు దాటేదాకా అది చెల్లుతుంది. అందుకే చీటీ ఏ రకందైనా ఆయుష్షు తక్కువ పెట్టడం క్షేమం. గిట్‌హబ్‌లో ఆప్‌లకిచ్చే ఒక రకం టోకెన్ గంటకే చెల్లకుండా పోతుంది. పెద్ద కంపెనీల్లోనైతే ఉద్యోగుల జాబితాలో పేరు పోగానే అన్ని సాధనాల్లోనూ దానంతటదే పోయేలా స్కిమ్ అనే ఒప్పంద పద్ధతి 2015లో ప్రమాణంగా వచ్చింది. పన్నెండు మంది ఉన్నచోట మా మనవరాలే స్కిమ్!

డబ్బు సంగతికొస్తే, మనదేశంలో దానికో ప్రత్యేకమైన కథ ఉంది. కార్డు మీద నెలనెలా దానంతటదే పోయే చెల్లింపులకు రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చాయి. డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు కబురు పెట్టాలి. మొదట 5,000 రూపాయలు దాటితే ఓటీపీ తప్పదన్నారు. 2022 జూన్‌లో ఆ హద్దును 15,000కు పెంచారు. 2021 అక్టోబరులో విదేశీ సేవల చందాలు ఎన్నో ఇక్కడి కార్డుల మీద ఆగిపోయాయి. చిరాకుపడ్డవాళ్లు చాలామంది. పాత బ్యాంకువాడిగా నేను మాత్రం ఆ నిబంధన పక్షమే. ఖాతాదారుకి తెలియకుండా ఖాతాలోంచి పైసా కదలకూడదు. అయితే దీనివల్ల చెల్లింపు తప్పడం మామూలైంది గనక, ఒక్కసారి డబ్బు అందలేదని ఆ పూటే తలుపు మూసే సేవ మంచిది కాదు. నాలుగు రోజులు ఆగి, మళ్లీ ప్రయత్నించి, అప్పుడు మూయాలి. చెల్లింపు సంస్థ నుంచి సేవకి 'డబ్బు అందింది' అన్న కబురు రెండుసార్లు రావడమూ ఉంటుంది. జవాబు రాకపోతే కబురే చేరలేదో, దాని జవాబు దారిలో పోయిందో పంపినవాడికి తెలియదు. అందుకని మళ్లీ పంపుతాడు. అందుకున్నవాడు రసీదు నంబరు చూసి, రెండోదాన్ని పక్కన పడేయాలి.

"మొత్తానికి కట్టడం మానేస్తే మా కోడంతా పోతుందా?" అని అడిగింది మనవరాలు. దీని వెనకా ఓ కథ ఉంది. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్లు, కోడు మార్పులు దాచుకోడానికి 2002 నుంచి బిట్‌కీపర్ అనే సాధనం వాడేవాళ్లు. అది అమ్ముడు సరుకే అయినా వాళ్లకి ఉచితంగా ఇచ్చారు. 2005లో గొడవొచ్చి ఆ ఉచితం కాస్తా రద్దయింది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఏప్రిల్‌లో కూర్చుని, ఇవాళ గిట్‌హబ్‌కి ఆధారమైన గిట్‌ని సొంతంగా మొదలుపెట్టాడు. కొద్దిరోజుల్లోనే గిట్ తన కోడును తానే దాచుకునే స్థితికి వచ్చింది. గిట్‌లో మామూలుగా కాపీ తీసుకున్న ప్రతివాడి దగ్గరా మొత్తం చరిత్ర ఉంటుంది. గిట్‌హబ్‌కి డబ్బు కట్టకపోయినా కోడు మీ ల్యాప్‌టాపుల్లోనే ఉంది తల్లీ. దాని చుట్టూ జరిగిన చర్చలూ, తప్పుల జాబితాలూ మాత్రం అలా రావు, వాటిని విడిగా దించుకోవాలి.

చందా మానేసినవాడి గురించే ఇంకో కథ. ప్రాగ్ నగరపు జెట్‌బ్రెయిన్స్ కంపెనీ 2015లో, ప్రోగ్రాములు రాయడానికి తానమ్మే సాధనాల్ని చందా పద్ధతిలోకి మారుస్తానంటే వాడేవాళ్లు ఊరుకోలేదు. చివరికి ఏడాది చందా కట్టినవాడికి, తర్వాత మానేసినా, ఒక పాత వెర్షన్ శాశ్వతంగా ఉండేలా ఒప్పుకుంది. అడిగితే దిగివస్తారు.

ఫోన్ పెట్టేముందు దానికి మూడు పనులు చెప్పాను. రాని అమ్మాయి ఆహ్వానం వెనక్కి తీసుకో. డిజైనర్ పని అయిపోయిందో లేదో అతన్నే అడుగు. తర్వాత, బిల్లు తేదీకి ముందే సీట్లు తగ్గించు. "ఖాతాకి యజమానిగా ఎవరి పేరుంది?" అని కూడా అడిగాను. కాసేపు వెతికి, "త్వరలో మానేస్తున్న మా మేనేజరు పేరు, నా పేరు" అంది. ఇద్దరు యజమానులుండాలని గిట్‌హబ్ వాళ్లే చెబుతారు, కానీ ఆ ఇద్దరూ ఉద్యోగంలో ఉండాలి కదా! నాలుగో దయ్యం తయారుకాకుండా చూడమన్నాను, సాయంత్రం మళ్లీ చేస్తానంది.