ఎన్ని అడుగుల రాగి గొట్టం?

1913 జనవరిలో దక్షిణ కాలిఫోర్నియాను ఎన్నడూ ఎరగని చలి పట్టుకుంది. ఉష్ణోగ్రత సున్నాకు ఏడు డిగ్రీల కిందికి దిగింది. విలియం బెయిలీ ఇళ్ల కప్పుల మీద అమర్చిన సోలార్ హీటర్లలో నీళ్లు గడ్డకట్టి, రాగి గొట్టాలు పగిలిపోయాయి.

బెయిలీ 1909 నుంచి ‘డే అండ్ నైట్’ పేరుతో అమ్ముతున్న హీటర్లవి. అంతకుముందు, 1891లో, బాల్టిమోర్‌కు చెందిన క్లారెన్స్ కెంప్ నల్లరంగు పూసిన నీళ్ల ట్యాంకులను గాజుమూత ఉన్న పెట్టెలో పెట్టి పేటెంటు తీసుకున్నాడు. సాయంత్రానికి కాగిన నీళ్లు తెల్లారేసరికి చల్లారిపోయేవి. బెయిలీ ట్యాంకును విడదీసి, వేడి పోకుండా కప్పి పైన పెట్టాడు. ఎండకు కాగే గొట్టాల ప్యానెల్ కింద ఉంటుంది. కాగిన నీరు తేలికై తనంతట తానే పైకెక్కుతుంది, చల్లనిది కిందికి దిగుతుంది. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

చలి దెబ్బ తగిలాక ఆయన చేసిన మార్పు ఒక్కటే. ఇంటి నీళ్లను ప్యానెల్‌లోకి పోనివ్వకుండా, ఆల్కహాల్ కలిపిన, గడ్డకట్టని ద్రవాన్ని అందులో తిప్పాడు. అది ఎండకు కాగి, ట్యాంకులో మునిగిన కాయిల్‌లోంచి పోతూ చుట్టూ ఉన్న నీళ్లకు వేడినిచ్చి వెనక్కి వస్తుంది. రెండు ద్రవాలూ కలవవు, వేడి మాత్రం గోడ దాటుతుంది. అదే హీట్ ఎక్స్ఛేంజర్.

తెలుగు ఇళ్లలోనూ ఈ యంత్రం మరో రూపంలో ఉండేది. పెరట్లో పొగ కక్కే రాగి బాయిలర్ అది. కింద నిప్పు, మధ్యలో నిలువు గొట్టం, చుట్టూ నీళ్లు. సెగంతా ఆ గొట్టంలోంచే పైకి పోతుంది. పది సెంటీమీటర్ల వెడల్పు, అరవై సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గొట్టానికి గోడ వైశాల్యం చదరపు మీటరులో అయిదో వంతు కూడా ఉండదు. మంట బాగా ఉంటే 40 లీటర్లు స్నానానికి కాగడానికి గంట వరకూ పడుతుంది. రాగి మందం పెంచినా తగ్గించినా ఈ గంటలో పెద్ద మార్పు ఉండదు. ఒక్కో డిగ్రీ తేడాకు సెగ నుంచి గోడకు వేడి ఎక్కే వేగం, గోడ నుంచి నీళ్లకు దిగే వేగంలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. కాడికి కట్టిన జతలో నెమ్మదైన ఎద్దు నడకే బండి నడక. వేడి త్వరగా ఎక్కాలంటే పెంచాల్సింది సెగ తగిలే వైశాల్యం.

ఇప్పుడు ఇదే లెక్కను భేజ్జికి తెద్దాం. ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా కోంటా బ్లాకులో, తెలుగు నేలకు దగ్గర్లో ఉన్న ఊరు. తీగలు చేరని బస్తర్ అడవి పల్లెలకు ఆ రాష్ట్ర సంస్థ ‘క్రెడా’ సోలార్ దీపాలు అందించింది. అయితే దీపాల పలకతో స్నానం నీళ్లు కాగవు. చలికాలంలో 100 లీటర్లను 20 డిగ్రీల నుంచి 55కు తేవాలంటే దాదాపు 4 యూనిట్ల శక్తి కావాలి. 300 వాట్ల పలక రోజంతా ఇచ్చేది ఒక యూనిట్‌కు కాస్త ఎక్కువ. అదే 2 చదరపు మీటర్ల నీళ్ల ప్యానెల్ అయితే మంచి ఎండలో ఆ నాలుగూ ఇస్తుంది. మన దేశంలో 100 లీటర్ల హీటర్‌కు వాడుకలో ఉన్న కొలత కూడా అదే.

భేజ్జిలో గొట్టాలు పగిలేంత చలి ఉండదు. అక్కడ కాయిల్ పెట్టడానికి కారణం వేరే ఉంటుంది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే ప్యానెల్‌లోని సన్నని గొట్టాలు పూడుకుపోతాయి. మన మార్కెట్లో హీట్ ఎక్స్ఛేంజర్ రకం హీటర్లను సున్నపు నీళ్ల ఊళ్లకు సిఫారసు చేసేది అందుకే. ప్యానెల్‌లో ఒకసారి వాననీళ్లు నింపితే అవే తిరుగుతుంటాయి.

కాయిల్ ఎంత పొడవుండాలి? మిట్టమధ్యాహ్నం ప్యానెల్ దాదాపు 1,200 వాట్ల వేడి పంపుతుంది. పంపు లేకుండా నెమ్మదిగా సాగే ప్రవాహంలో, ఒక చదరపు మీటరు రాగి గోడ ప్రతి డిగ్రీ తేడాకు సుమారు 400 వాట్లు దాటిస్తుందనుకుందాం. లోపలి ద్రవం ట్యాంకు నీళ్లకన్నా 10 డిగ్రీలు వేడిగా ఉంటే 0.3 చదరపు మీటర్లు చాలు. 15 మిల్లీమీటర్ల గొట్టంలో అది 6.4 మీటర్లు, అంటే 21 అడుగులు.

తేడాను 5 డిగ్రీలకు తగ్గించాలంటే 42 అడుగులు కావాలి. పది అడుగులతో సరిపెడితే తేడా 20 డిగ్రీలు దాటుతుంది. ప్యానెల్ అంత వేడెక్కి, గాజు మీదుగా గాలికే ఎక్కువ వేడి వదులుతుంది. అలాగని పొడవు పెంచుకుంటూ పోయినా చిక్కే. సాగే బలం తక్కువగా ఉన్న ప్రవాహం గొట్టం రాపిడికి నిలిచిపోతుంది. అందుకే ఒకే పొడవాటి చుట్టకన్నా, పక్కపక్కన కలిపిన రెండు పొట్టి చుట్టలు మేలు.

సున్నం సంగతీ లెక్కలో ఉండాలి. కాయిల్ బయట మిల్లీమీటరు పొర పేరుకుంటే వేడి దాటడం మూడో వంతు దాకా తగ్గవచ్చు. కాబట్టి 21 అడుగుల లెక్క వచ్చినచోట 31 నుంచి 32 అడుగులు వేయడం, కాయిల్ బయటికి తీసి శుభ్రం చేసే వీలుంచడం తెలివైన పని.

లంబసింగి లాంటి చోట, సున్నా దగ్గరకు జారే రాత్రుల్లో, బెయిలీ పద్ధతిలో గడ్డకట్టని ద్రవం పోయాలి. కానీ కారు కూలెంట్ పోయకండి. అందులో సాధారణంగా ఉండే ఎథిలీన్ గ్లైకాల్ విషం. కాయిల్‌కు చిల్లు పడితే అది స్నానం నీళ్లలో కలుస్తుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ వాడండి. మూసిన గొట్టాల్లో వేడెక్కిన ద్రవం ఉబ్బడానికి, ఆవిరి బయటపడడానికి పైన తెరిచిన చిన్న డబ్బా తప్పక పెట్టండి.