పొలంలో ఎలుకల్ని ఎలా లెక్కపెడతారు?

నెల్లికుదురు వరి పొలాల్లో పగలు ఎలుకలు కనబడవు, గట్ల మీద బొరియలే కనిపిస్తాయి. మరి బొరియల్ని లెక్కపెడితే సరిపోదా? సరిపోదు. ఒకే ఎలుకకు చాలా దారులుంటాయి, కొన్ని బొరియలు ఖాళీగానూ ఉంటాయి. అందుకే సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసేస్తారు. తెల్లారేసరికి తెరుచుకున్న వాటిలోనే ఎలుక ఉన్నట్టు లెక్క.

ఎలుకలు ఎన్ని?
గట్ల వెంట సమాన దూరాల్లో ఎర వేసిన బోన్లు పెడతారు. ఎండెక్కితే లోపలి జీవి చచ్చిపోతుంది కాబట్టి పొద్దున్నే చూస్తారు. జాతి, బరువు, తోక పొడవు రాసుకుని, గుర్తు వేసి, దొరికిన చోటే వదిలేస్తారు. కొద్ది రోజులకే మళ్ళీ పడతారు. ఆలస్యమైతే పుట్టేవీ చచ్చేవీ కలిసి లెక్క తప్పుతుంది.

మొదట 20 ఎలుకలకు గుర్తు వేశారనుకుందాం. రెండోసారి దొరికిన 25లో 5కి గుర్తుంది, అంటే ఐదింట ఒకదానికి. కాబట్టి ఆ 20 కూడా మొత్తంలో ఐదో వంతే. మొత్తం సుమారు 100!

ఎందుకీ శ్రమ?
లెక్క తెలిస్తేనే మందు అవసరమో కాదో తేలుతుంది. అనవసరంగా విషం పెడితే ఎలుకల్ని తినే గుడ్లగూబలూ చస్తాయి, పురుగుల్ని తినే చుంచులూ చస్తాయి.

బొరియలో పాము ఉండొచ్చు. పెద్దవాళ్ళు పక్కన ఉంటేనే లెక్కపెట్టండి, చెయ్యి మాత్రం పెట్టకండి.