ఉమ్మడి గాలిమార్గంలో వంతు ఎవరిది? : గోదావరి డెల్టా నేపథ్యంలో వైర్‌లెస్ సమాచార ప్రాధాన్య నిర్ణయం

ఉపోద్ఘాతం:

ధవళేశ్వరం బ్యారేజీ వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయి. 1986 ఆగస్టు వరదలో ఆ మట్టం 24.55 అడుగులను తాకింది. దిగువనున్న లంక గ్రామాలు ఖాళీ చేయాలా వద్దా అన్నది ఈ అంకెలే తేలుస్తాయి. అయితే అంకెను మోసే సందేశం కొన్ని పదుల బైట్లకు మించదు. అదే రేడియో లింకుపై ఎవరో పంపుతున్న గట్టుకోత వీడియో దానికి లక్షల రెట్లు పెద్దది. రెండూ ఒకే వరుసలో నిలిస్తే చిన్నది పెద్దదాని వెనుక చిక్కుకుంటుంది.

ఫైబర్ ఉండగా రేడియో ఎందుకన్న ప్రశ్న సహజమే. కోనసీమలోని మోరి గ్రామానికి 2016 డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ సేవలు అందాయి. కానీ ఆ ఫైబర్‌లో అధికభాగం విద్యుత్ స్తంభాల మీదుగా సాగుతుంది. తుఫానుకు స్తంభం ఒరిగితే కరెంటుతో పాటు ఫైబరూ తెగుతుంది. అప్పుడు మిగిలేది రేడియో లింకు; దాని సామర్థ్యం పరిమితం.

వరుస ఏర్పడే విధానం:

వైఫై ప్రమాణాన్ని అనుసరించే రేడియోలలో ప్రతి పరికరమూ మార్గం ఖాళీ అయ్యాక కొంత వ్యవధి ఆగి, యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఒక సంఖ్యను సున్నా వరకు లెక్కించి, ఆపై ప్రసారం చేస్తుంది. 2005 నాటి ఐఈఈఈ 802.11ఈ సవరణ సమాచారాన్ని మాట, వీడియో, సాధారణం, నేపథ్యం అని నాలుగు తరగతులుగా విభజించింది. మాట తరగతి తొలుత 0 నుంచి 3 లోపు సంఖ్యను ఎంచుకుంటే, సాధారణ తరగతి 0 నుంచి 15 లోపు ఎంచుకుంటుంది. అందువల్ల మాటకు తరచుగా ముందు వంతు దక్కుతుంది. సందేశాలు ఢీకొన్నప్పుడల్లా ఈ పరిధి పెరుగుతుంది: సాధారణానికి 1023 దాకా, మాటకు 7 దాకా మాత్రమే.

ఈ చివరి అంశాన్ని చాలామంది గమనించరు. ఇరుకైన పరిధి కొద్దిమందికే లాభం. ఇరవై పరికరాలు మాట తరగతిలో చేరితే అవి ఒకే సంఖ్యను పదేపదే ఎంచుకొని ఢీకొంటూనే ఉంటాయి. ప్రాధాన్యమే లేని స్థితికంటే అది అధ్వానం. రబీలో నీరు చాలనప్పుడు డెల్టా కాలువలకు వంతులు పెడతారు. వంతు వల్ల కాలువలో నీరు పెరగదు, శివారు పొలానికి దాని వాటా చేరుతుంది, అంతే.

అమరికలో మెలకువలు:

ప్రతి ప్యాకెట్ శీర్షికలో ఆరు బిట్ల ప్రాధాన్య గుర్తు ఉంటుంది. మాటకు వాడుకలో ఉన్న విలువ 46. అనేక పరికరాలు ఇందులో మొదటి మూడు బిట్లనే చదువుతాయి. అలా చదివితే 46 కాస్తా 5 అవుతుంది, మాట వీడియో వరుసలో పడుతుంది. దీన్ని 6కు మార్చాలని 2018 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8325 సూచించింది. ఈ పట్టికను చేత్తో సరిచేయకుండా తక్కిన అమరికలెన్ని చేసినా ఫలితం స్వల్పం.

గుర్తును ఎవరైనా వేసుకోగలరన్నది మరో చిక్కు. సముద్రంలో పడవలు 16వ చానల్లో ‘మేడే’ అనగానే తక్కినవారు మౌనం వహిస్తారు. అక్కడ వినేవాడు మనిషి. ఇక్కడ యంత్రం గుర్తును నమ్ముతుంది. కాబట్టి నెట్‌వర్కులోకి ప్రవేశించే చోటే వచ్చిన గుర్తులన్నీ చెరిపి, నీటిమట్టం కొలిచే పరికరానికీ కంట్రోల్ రూమ్ ఫోనుకూ మాత్రమే కొత్తగా వేయాలి. నీటిమట్టం సందేశం అరుదైనది, అతి చిన్నది. దాన్ని మాట తరగతిలో చేర్చినా ఎవరికీ నష్టం లేదు.

ఇక వేగ పరిమితి. ఉదాహరణకు ఎండలో 40 మెగాబిట్లు మోసే లింకు, గాలికి స్తంభం ఊగినప్పుడు 10కి పడిపోవచ్చు. రౌటరులో పరిమితిని 40గా ఉంచితే వరుస రౌటరులో కాక రేడియో లోపలి నిల్వలో పేరుకుంటుంది. అక్కడ రౌటరు నియమాలు చెల్లవు. కనుక పరిమితిని తుఫాను నాటి కనిష్ఠ వేగానికి కొద్దిగా దిగువన, లింకు రెండు కొసల్లోనూ పెట్టాలి. మామూలు రోజుల్లో కొంత వేగం వృథా కావడం దీనికి చెల్లించే మూల్యం. అది భారమనిపిస్తే వాతావరణ హెచ్చరిక వచ్చినప్పుడే అమలయ్యే రెండవ అమరికను సిద్ధంగా ఉంచుకోవచ్చు.

పరీక్ష తేలికే. అక్టోబరుకు ముందే ఒక రోజు లింకును వీడియోతో పూర్తిగా నింపి, నీటిమట్టం అంకె కంట్రోల్ రూమ్‌కు ఎన్ని సెకన్లలో చేరుతుందో గడియారం పట్టి చూడాలి.