ఆధార్‌లో అంతమందికి జనవరి 1నే పుట్టినరోజు ఎందుకు?

మేడ్చల్: మేడ్చల్, శామీర్‌పేటలోనే కాదు, దేశంలో ఎక్కడ చూసినా పెద్దవాళ్ల ఆధార్ కార్డుల్లో జనవరి 1 పుట్టినరోజుగా తరచూ కనిపిస్తుంది. వాళ్లంతా ఆ రోజే పుట్టారా? కాదు. తెలియని తేదీని కంప్యూటర్ నింపేసింది, అంతే.

ఆధార్ నమోదులో పుట్టిన తేదీ మూడు రకాలు. కాగితం చూపిస్తే 'వెరిఫైడ్', నోటిమాటగా తేదీ చెబితే 'డిక్లేర్డ్', వయసు మాత్రమే చెబితే 'అప్రాక్సిమేట్'. మూడో రకంలో వయసును బట్టి సంవత్సరం లెక్కగడతారు. రోజు, నెల దగ్గర జనవరి 1 పడుతుంది.

ఇతర సాఫ్ట్‌వేర్లదీ ఇదే తీరు. పైథాన్‌లో 'స్ట్రిప్‌టైమ్'కు 1965 అని సంవత్సరం ఒక్కటే ఇస్తే, 1965 జనవరి 1 అని తీసుకుంటుంది. 'డేట్‌యుటిల్' లైబ్రరీ అయితే ఖాళీల్లో ఈరోజు తేదీ, నెల పెట్టేస్తుంది. 65 అని రెండంకెలే ఇస్తే 'స్ట్రిప్‌టైమ్' దాన్ని 2065 అనుకుంటుంది! ఎక్కడా ఎర్రర్ రాదు కాబట్టి తప్పు ఎవరికీ కనిపించదు.

నష్టం ఎక్కడ? తెలంగాణలో వృద్ధాప్య పింఛను వయసును 65 నుంచి 57కు తగ్గించారు. 1965లో పుట్టిన మనిషికి 57 నిండేది 2022 జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపు ఎప్పుడైనా కావచ్చు. ఉద్యోగికైతే జనవరి 1 వల్ల రిటైర్మెంట్ నెలల ముందే రావచ్చు. పాన్‌లో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ ఉంటే లింకు దగ్గర ఆగిపోతుంది.

"1965, రంజాన్‌లో పుట్టాడు" అని ఇంట్లో పెద్దలు చెప్పినా చిక్కే. ఆ ఏడాది రంజాన్ జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబర్ చివర్లో మరోసారి మొదలైంది.

ప్రోగ్రామర్లు చేయాల్సింది ఒకటే: సంవత్సరం, నెల, రోజు వేరువేరుగా దాచి, తెలియనిది ఖాళీగా వదలాలి. 2019లో వచ్చిన ఐఎస్‌ఓ 8601-2 ప్రమాణంలో దీన్ని '1965-ఎక్స్‌ఎక్స్-ఎక్స్‌ఎక్స్' అని రాసే పద్ధతి ఉంది. అర్హత చూసేటప్పుడు మొదటి తేదీ, చివరి తేదీ రెండూ లెక్కగట్టి, తేడా వస్తే కాగితం అడగాలి.

జనం కూడా జాగ్రత్తపడాలి. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని దాన్ని ఇచ్చే సంస్థే చెప్పింది. పీఎఫ్ సంస్థ 2024 జనవరిలో ఆ జాబితా నుంచి ఆధార్‌ను తీసేసింది. ఆధార్‌లో తేదీ మార్పుకు మామూలుగా ఒక్కసారే అవకాశం. అందుకే బర్త్ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో చేతిలో ఉన్నాకే సెంటర్‌కు వెళ్లడం మంచిది.