ప్రళయం రాలేదు... ఉద్యోగం కావాలి!

లోకాన్ని కాపాడే మహావీరుణ్ణి తీసుకొచ్చి దుకాణంలో గల్లాపెట్టె దగ్గర నిలబెడితే ఎలా ఉంటుంది? వేలితో పొడిచి మనిషిని పడగొట్టేవాడు, వచ్చిన ప్రతివారికీ తలవంచి ‘రండి రండి’ అనాల్సి వస్తే? జపాన్‌లో సరిగ్గా ఈ పనే చేశారు. ఆ కార్టూన్ సీరియల్ పేరు ‘డీడీ హొకుతో నో కెన్’. చూస్తున్నంతసేపూ పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వు ఆగాక మాత్రం, ఇది మగవాళ్ళ కండల మీద వేళాకోళం ఒక్కటే కాదనిపించింది.

అసలు కథ తెలిస్తేనే ఈ నవ్వులో రుచి తెలుస్తుంది. కాబట్టి ముందు అటు వెళదాం.

ఏడు మచ్చల మనిషి

బురోన్‌సన్ రాయగా టెట్సువో హర బొమ్మలు వేసిన ‘హొకుతో నో కెన్’ 1983 నుంచి 1988 దాకా జపాన్‌లోని ఒక వారపత్రికలో వచ్చింది. పుస్తకాలుగా 27 సంపుటాలు. 1984లో టీవీకి ఎక్కింది. కథాకాలం 199ఎక్స్ అన్నారు. అణుయుద్ధంలో లోకం బూడిదైపోయింది. నీళ్ళ కోసం, తిండి కోసం మనుషులు ఒకర్నొకరు చంపుకుంటున్నారు. ఆ ఎడారిలో నడిచివస్తాడు కెన్‌షిరో. ఛాతీ మీద సప్తర్షి మండలంలా ఏడు మచ్చలు. ఒంట్లో ఉండే 708 మర్మస్థానాల్లో ఎక్కడ నొక్కితే ఏమవుతుందో తెలిసిన విద్య అతనిది. తాకుతాడు, వెనక్కి తిరుగుతాడు, అంతే! శత్రువు శరీరం పగిలిపోతుంది. టీవీలో ఆ ఘోరాన్ని నేరుగా చూపించలేక నీడల్లా మార్చి చూపించారు.

బ్రూస్‌లీ పోరాటం, ‘మ్యాడ్ మ్యాక్స్’ సినిమాల ఎడారి, ఈ రెండింటి పోలికా అతనిలో కనిపిస్తుంది. అయితే అతన్ని వీరుణ్ణి చేసింది కండలు కావు, కన్నీళ్ళు. ప్రేమించిన అమ్మాయిని ఎత్తుకుపోయింది స్నేహితుడే. ఛాతీ మీద ఆ మచ్చలు పెట్టిందీ వాడే. (అమ్మాయి పేరు యూరియా. ఎరువు కాదండోయ్!) కళ్ళముందు అయినవాళ్ళు చనిపోవడం చూసి మాట పోగొట్టుకున్న రిన్ అనే చిన్నపిల్లకు మళ్ళీ మాట వచ్చింది కూడా కెన్‌షిరో చేతి చలవే. చంపే వేలికే బతికించడమూ తెలుసన్నమాట.

నన్ను పట్టేసిన ఘట్టం ఇంకొకటుంది. మిసుమి అనే ముసలాయన విత్తనపు వడ్ల మూట మోసుకుని తన ఊరికి బయల్దేరతాడు. ఈ రోజు ఆకలికి ఆ గింజలు తినెయ్యొచ్చు. కానీ నాటితే రేపు ఊరంతా తింటుందని ఆయన ఆశ. దుర్మార్గులు ఆయన్ని పొట్టన పెట్టుకుంటారు. కెన్‌షిరో ఆయన్ని పూడ్చిపెట్టి, ఆ సమాధి మీదే విత్తనాలు చల్లి వెళ్ళిపోతాడు. అంత పెద్ద పోరాటాల కథలో ఇంత చిన్న సంగతి!

జపాన్‌లో ఈ కథ మీద అభిమానం మామూలుది కాదు. కెన్‌షిరో పెద్దన్న రావో కూడా కథలోని పాత్రే కదా! 2007లో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో అతనికి నిజంగానే కర్మకాండ జరిపించారు. దాదాపు 3,000 మంది వచ్చారు. అంతటి పాత్రల్ని పట్టుకుని నవ్వులాట ఆడాలంటే గుండెధైర్యం కావాలి.

యుద్ధం లేని ఊళ్ళో యోధుడు

2010లో కజియో అనే చిత్రకారుడు ఆ ధైర్యం చేశాడు. పరాయివాళ్ళ పత్రికలో కాదు. టెట్సువో హర కూడా వ్యవస్థాపకుల్లో ఒకరైన సంస్థ తెచ్చిన మాసపత్రికలోనే. అంటే ఇంట్లోవాళ్ళే ఇంటి పెద్దను ఆటపట్టించారన్నమాట. తర్వాత 2011లో చిన్న చిన్న భాగాలుగా, 2013లో మరోసారి టీవీ సీరియల్‌గా వచ్చింది.

మార్చింది ఒక్కటే విషయం: 199ఎక్స్‌లో యుద్ధం రాలేదు! లోకం సుఖంగా ఉంది. బస్సులు తిరుగుతున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి. మరి ప్రళయం కోసమే తయారైన అన్నదమ్ములు ఏం చెయ్యాలి? ఆరడుగుల మనుషులు కాస్తా పెద్ద తల, బుల్లి కాళ్ళ బొమ్మలైపోయారు. జపాన్‌లో వీధివీధినా రాత్రింబవళ్ళు తెరిచి ఉండే దుకాణాలుంటాయి కదా, అలాంటిచోట పార్ట్‌టైమ్ పనిలో చేరారు. విద్యకు వారసుడు ఎవరన్న పోటీ మాత్రం వదల్లేదు. ముఖంలో అదే గాంభీర్యం, గొంతులో అదే ప్రతిజ్ఞ. చేతిలో మాత్రం దుకాణం సరుకు!

ఇలాంటి మనిషిని మనమూ చూసే ఉంటాం. ఇంటికి కష్టం వస్తే ప్రాణమిస్తానంటాడు. కష్టం లేని రోజున పాలప్యాకెట్ తెమ్మంటే ఎక్కడ దొరుకుతుందో తెలీదు. ప్రాణమివ్వడానికి అవకాశం ఏ పదేళ్ళకోసారో వస్తుంది. పాలు మాత్రం రోజూ కావాలి. ఈ తేడా ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే కెన్‌షిరో తికమక చూసి మనం ఇంకాస్త ఎక్కువ నవ్వుతాం.

అయితే ఆ దుకాణం అరల వంక ఒక్కసారి చూడండి. అన్నం ముద్దలు, భోజనం డబ్బాలు నిండుగా ఉంటాయి. విత్తనాల ముసలాయన కలగన్న రేపు ఇదే కదా! కెన్‌షిరో ఏ లోకం కోసం పోరాడాడో, ఈ నవ్వుల కథలో ఆ లోకం పోరాటం లేకుండానే వచ్చేసింది. తీరా వచ్చాక అందులో ఎలా బతకాలో అతనికి తెలియడం లేదు. నా మటుకు నాకు అసలు హాస్యం ఇక్కడుంది. కాస్త గుండె కలుక్కుమనేదీ ఇక్కడే.

నవ్వలేని చోటు

అన్నిటికీ నవ్వానని చెప్పను. రెండో అన్న తోకి సంగతే తీసుకోండి. అసలు కథలో బాంబులు పడినప్పుడు నేల కింది గదిలో ఇంకా ఇద్దరికే చోటుంటుంది. తమ్ముణ్ణి, యూరియాను లోపలికి పంపి తను బయట ఉండిపోతాడు తోకి. విషపు బూడిద ఒంటికి పట్టి ప్రాణాంతకమైన జబ్బు వస్తుంది. అయినా అదే మర్మవిద్యతో రోగులకు వైద్యం చేస్తాడు. నవ్వుల కథలో ఆ తోకి దగ్గూ, నీరసమూ కూడా హాస్యానికి సరుకే. 1945లో హిరోషిమా, నాగసాకి చూసిన దేశంలో ఆ జబ్బు వెనక ఎంత బాధ ఉంటుందో తెలియనిది కాదు. అక్కడ నాకు నోరు పెగల్లేదు. గొప్పల మీద ఎంతైనా నవ్వొచ్చు, త్యాగం మీద నవ్వేటప్పుడు చూసుకోవాలి.

పిల్లల చేతికి ఇచ్చేముందు ఒక్క మాట. ‘డీడీ’ పేరు విని అసలు సీరియల్ కూడా ఇలాగే సరదాగా ఉంటుందనుకోకండి. అందులో రక్తపాతం చాలా ఉంది, చిన్నపిల్లలకు పనికిరాదు. కాస్త ఎదిగిన అబ్బాయి ఉంటే రెండూ చూపించి, కెన్‌షిరో నీకు ఎప్పుడు నచ్చాడని అడగండి. శత్రువును కొట్టినప్పుడా, ఆ చిన్నపిల్లకు మాట తెప్పించినప్పుడా, సమాధి మీద విత్తనాలు చల్లినప్పుడా, దుకాణంలో తలవంచి నిలబడినప్పుడా? వాడు ఏది చెప్పినా వెంటనే సరిదిద్దకండి. కాసేపు వినండి. మన ఇంట్లో పెరుగుతున్న వీరుడు ఏ రోజు కోసం తయారవుతున్నాడో ఆ జవాబులో కొంత తెలుస్తుంది. ఆ తర్వాత పాలప్యాకెట్ తెమ్మని వాణ్ణే పంపండి!